శిశువుల పలుకు

బిడ్డ తొలిసారి ‘అమ్మా’ యని పిలిచినప్పుడు తల్లికి గలుగు నానందము చెప్పనలవి గాదు. అయితే ఈడు వచ్చినను మాట సాగని బిడ్డను జూచి కుములు తల్లులును మనలో గలరు. “బొమ్మలో నీళ్లు చూపిన నీళ్లనును, దప్పికయైనప్పుడు మాత్ర మడుగక యేడ్చును” అని వారిలో కొందరు వాపోవుచుందురు. ఈ చిక్కునకు సంబంధించి అమెరికాలో ఇరువు రాచార్యులు చేసిన కృషిని ఈ మాసమున వివరింప దలచితిమి.

హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన బి. ఎఫ్. స్కిన్నరు (1904–1990) ప్రాణుల నడవడిని శోధించిన శాస్త్రజ్ఞుడు. 1934వ సంవత్సరమున ఒక విందులో వైట్‌హెడ్ అను తత్త్వవేత్త ఆయనతో, మీ శాస్త్రము తక్కినవానికి చాలినను మాటకు చాలదనియు, ఈ బల్లపై నల్లతేలు పడుట లేదని నేనన్నచో అట్లేల యంటినో చెప్పుమనియు ఆక్షేపించెను. మరునాటి యుదయమే స్కిన్నరు గ్రంథమునకు ప్రణాళిక వ్రాసికొనెను. అది ముగిసి వెలువడుట 1957లో.

ఆయన మతమున ఒకే మాటకు పనులు పెక్కు. దప్పికతో ‘నీళ్లు’ అనుట యడుగుట. దానికి ఫలము నీళ్లే. చెరువును జూచి ‘నీళ్లు’ అనుట పేరు చెప్పుట; దానికి ఫలము పెద్దల మెప్పు. విన్నదానిని తిరిగి పలుకుట వేరొకటి; ప్రశ్నకు బదులు చెప్పుట మరియొకటి. ఒకటి వచ్చినంత మాత్రమున రెండవది వచ్చునను నియమము లేదు.

1959లో నోమ్ చామ్‌స్కీ ఈ గ్రంథమును తీవ్రముగ ఖండించెను. ఎన్నడును వినని వాక్యములను బిడ్డ తానై కూర్చుకొనుట అలవాటు చేతను బహుమానము చేతను తేలదని ఆయన వాదము. ఆ వివాద మింకను సమసిపోలేదు.

అయినను వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయాచార్యుడు జాక్ మైకేలు ఈ గ్రంథమును చిరకాలము శిష్యులకు బోధించెను. కోరిక కలిగిన క్షణముననే యడుగుట నేర్పవలెనని ఆయన బోధసారము. ఆయన శిష్యుడు మార్కు సండ్‌బర్గు మున్నగువారు దీనిని ఆటిజము గల బిడ్డల శిక్షణకు వినియోగించిరి.

ఇంట చేయదగిన దేమన: బిడ్డకు ప్రియమైన వస్తువును కంటికి కనబడునట్లు, చేతికందకుండునట్లు ఉంచవలెను. బిడ్డ దానివైపు చేయి చాపగనే దాని పేరు స్పష్టముగ పలికి కొంచెమాగవలెను. సగము మాట పలికినను వెంటనే అందీయవలెను. ఆకలిదప్పులతో బాధించుటగాని, ఏడ్పించుటగాని తగదు.

మాట ఆలసించిన బిడ్డకు తొలుత వైద్యునిచే చెవులు పరీక్ష చేయింపవలెను. ఆటిజము తల్లి ప్రేమలోపమువలన గలుగునది కాదు. కావున “తల్లి పలుకరింపకున్న బిడ్డకు మాట యెట్లు వచ్చును?” అని కోడలిని దెప్పుట మాని, ఇంటివారందరు తలకొక పూట ఈ యభ్యాసమున పాలుపంచుకొందురు గాక.