హెలికాప్టర్ ఎవరికోసం దిగాలి?

హెలికాప్టర్ అనగానే మనకేం గుర్తొస్తుంది? ఎన్నికల సభలు. ఊరి బయట చదును చేసిన పొలం, సున్నంతో గీసిన గుండ్రటి గీత, లేచిన దుమ్ములో చేతులూపుతూ దిగే నాయకుడు. యాత్రలు చేసొచ్చినవాళ్లయితే కేదార్‌నాథ్ పేరు చెబుతారు. దాని చరిత్ర చదివాక మాత్రం, ఇంత మంచి యంత్రాన్ని మనం ఊరేగింపు వాహనంగా మార్చేశామేమో అనిపించింది నాకు.

విమానానికి పరుగెత్తడం తెలుసు, గాలిలో ఆగడం తెలియదు. నిట్టనిలువుగా లేచి, కావలసిన చోట నిలబడే యంత్రం కోసం మనుషులు చాలాకాలం అవస్థ పడ్డారు. 1907లో ఫ్రాన్స్‌లో బ్రెగే సోదరులు చేసిన యంత్రం నేల విడిచిందిగానీ, నాలుగు పక్కలా నలుగురు మనుషులు పట్టుకుంటేనే నిలబడింది. గాలివానలో పెళ్లిపందిరి గుంజలు పట్టుకున్నట్టన్నమాట! ఇంకో చిక్కు ఏమిటంటే, పైన రెక్క ఒకవైపు తిరిగితే కింద బండి రెండోవైపు తిరగబోతుంది. మిక్సీ స్విచ్ వేసేటప్పుడు అది అదిరి పక్కకు తిరగకుండా ఒక చెయ్యి అదిమిపెడతాం చూడండి, హెలికాప్టర్ తోక చివర తిరిగే చిన్న రెక్క చేసేది అచ్చంగా ఆ పనే.

ఆ తోకరెక్కతో యంత్రాన్ని అదుపులోకి తెచ్చినవాడు ఇగోర్ సికోర్‌స్కీ. 1889లో కీవ్‌లో పుట్టాడు. తల్లి వైద్యం చదివి కూడా ప్రాక్టీసు పెట్టలేదు. కొడుక్కి ఇంట్లోనే చదువు చెబుతూ లియొనార్డో డావిన్సీ గురించి, జూల్స్ వెర్న్ కథల గురించి చెప్పేదట. ఇలాంటి తల్లులకు చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యం దక్కితే గొప్ప. 1909లో ఆయన చేసిన మొదటి హెలికాప్టర్ లేవలేదు. మరుసటేడు చేసినది తన బరువు తాను ఎత్తుకోగలిగిందిగానీ మనిషిని ఎత్తలేకపోయింది. ఆ తరవాత అమెరికా వెళ్లిపోయి, అక్కడ 1939 సెప్టెంబరు 14న వి.ఎస్.-300ను తానే నడిపి నేలమీంచి లేపాడు. మధ్యలో గడిచినవి ముప్ఫై ఏళ్లు!

యంత్రం తయారైంది సరే, దేనికి పనికొస్తుంది? జవాబు త్వరగానే దొరికింది. 1944 జనవరిలో న్యూయార్క్ దగ్గర ఒక యుద్ధనౌక పేలి నావికులు గాయపడితే, మంచుతుఫానులో వాళ్లకు రక్తం ప్లాస్మా తీసుకెళ్లింది సికోర్‌స్కీ హెలికాప్టరే.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వలేరీ ఆంద్రే కథ. ఫ్రెంచి సైన్యంలో డాక్టరు. ఇండోచైనా యుద్ధంలో, గాయపడినవాళ్లు అడవుల్లోంచి ఆసుపత్రికి చేరేలోపే చనిపోతుంటే చూడలేక, హెలికాప్టర్ నడపడం తానే నేర్చుకుంది. ఆ రోజుల్లో ఇంజన్ల శక్తి అంతంతమాత్రం. క్షతగాత్రులను బండికి బయట, ఇరుపక్కలా స్ట్రెచర్ల మీద కట్టి తీసుకురావాలి. బక్కపలచని మనిషి కావడం ఆమెకు కలిసొచ్చింది. 'ఆడపిల్లవి, నీకెందుకు' అనడానికి లేని ఒకే ఒక్క ఉద్యోగం ఇదేనేమో! 129 సార్లు వెళ్లి 165 మందిని తీసుకొచ్చింది. అది ఫ్రాన్స్ పరాయి గడ్డ మీద చేసిన యుద్ధమన్న సంగతి నేను మరచిపోలేదు. అయినా ఆ స్ట్రెచర్ల మీద పడుకున్నవాళ్లూ ఏ తల్లో కన్న బిడ్డలే కదా. 1976లో ఆమె ఫ్రెంచి సైన్యంలో తొలి మహిళా జనరల్ అయింది. 2025 జనవరిలో, 102 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

మనకూ ఇలాంటివాళ్లు లేకపోలేదు. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారు. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో నొప్పులు మొదలైన ఒక గర్భిణిని నేవీ హెలికాప్టర్ తాడుతో పైకి లాగింది. ఆ రోజే ఆసుపత్రిలో ఆమె మగబిడ్డను కంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో డాబాల మీద ఆహారం పొట్లాలు జారవిడిచిందీ హెలికాప్టర్లే.

మరి మన్యం సంగతి? నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తున్న ఫోటో ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉంది. ముందు రోడ్డు వెయ్యాలి, వంతెన కట్టాలి. అందులో వాదన లేదు. పొగమంచు కమ్మితే హెలికాప్టర్ కూడా కొండల్లో దిగలేదు, అదీ నిజమే. కానీ రోడ్డు పడేదాకా, వాగు పొంగిన రోజున ఆ తల్లి ఏం కావాలి? నాయకుడి కోసం ఒక్కపూటలో తయారయ్యే హెలిపాడ్ లాంటిది వానాకాలం రాకముందే కొండ ఊళ్ల మధ్య సిద్ధం చేయించలేమా? చదును చేసిన కాస్త నేల, సున్నం, కబురందగానే బయల్దేరే ఒక బండి. ఈసారి ఓట్లకోసం ఆకాశంలోంచి దిగినవాళ్లను ఈ మాట అడుగుదాం.