భవనమా, బాటయా?

బళ్లారి సీమలో తెలుగు కుటుంబములవారు నలుగురు ఎచ్చట చేరినను ప్రస్తావన చివరకు ఒక్కచోటికే వచ్చును: "మనకొక భవనము కావలెను." ప్రభుత్వమువారిని స్థలమడుగుట, శాసనసభ్యుని నిధి యడుగుట, పార్లమెంటు సభ్యుని నిధి యడుగుట, అర్జీలపై సంతకములు సేకరించుట, శంకుస్థాపన ఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనో తగవులాడుట, ఇదియే సంఘసేవయని మనము చిరకాలముగా నమ్ముచున్నాము. ఈ నమ్మకమును మేము ఖండింపదలచితిమి. మనము ప్రభుత్వమును అడుగవలసినది బాట. నలుగురు నడువదగిన, చెట్టునీడ గల, తాళము లేని బాట. దాని వెంట ఒక తోట. తోటలో కూర్చుండుటకు రాతిబల్లలు, త్రాగుటకు నీరు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి.

ఇట్లనగానే పెద్దలు కొందరు నొసలు చిట్లింతురు. "తోటకును తెలుగునకును సంబంధమేమి? అది మునిసిపాలిటీ పని. పరాయి రాష్ట్రమున మన సంస్కృతి నిలువవలెనన్న మనకొక నెలవుండవలదా?" అందురు. ఈ ప్రశ్నకు బళ్లారి చరిత్రయే ప్రత్యుత్తరము చెప్పగలదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదిని సభను, కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపినది ఈ యూరనే. బళ్లారి రాఘవాచార్యులవారు (1880-1946) తెలుగున మాత్రమే గాక కన్నడమునను ఆంగ్లమునను వేషము కట్టిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గములు ఆ వైపునకును, బళ్లారి మైసూరు వైపునకును పోయినవి. మిశ్రాగారి విచారణనాటి వాదోపవాదములను మా తాతలు తుదివరకు మరువలేదు. అంతటి తగవు జరిగిన పిమ్మటను ఈ కన్నడ నగరమున రాఘవ కళామందిరము రాఘవగారి పేరుతోనే నిలిచియున్నది. నల్లచెరువు నేటికిని నల్లచెరువే. ఊరివారందరికిని పనికివచ్చిన దానిని ఊరు తనదిగా నుంచుకొనును. గోడకట్టి మనవారికి మాత్రమేయని బోర్డు వ్రేలాడగట్టిన దానిని ఎవరు తమదనుకొందురు?

భవనము సంగతి కొంత నిష్ఠురముగా చెప్పక తప్పదు. ప్రభుత్వ ధనముతో కట్టిన సముదాయ భవనములు మన జిల్లాలో ఏ కులమునకు లేవు? ఉగాదికి ఒకమారు, వార్షికోత్సవమునకు ఒకమారు తలుపు తెరచుదురు. నడుమ పెండ్లిండ్లకు అద్దెకిత్తురు. అద్దె సొమ్ము ఏమైనదని సర్వసభ్య సమావేశమున రభస. పదియేండ్లు గడచునప్పటికి పైకప్పు కారును. మరల గ్రాంటు కొరకు అర్జీ. అటుచూడగా, సిరుగుప్ప వైపు తుంగభద్ర కాలువల వెంబడి క్యాంపులు కట్టుకొనియున్న మన కోస్తా కుటుంబములలోని వృద్ధులు, వైద్యుడు నడువుమన్నాడని, తెల్లవారకముందే ధాన్యపు లారీల నడుమ రోడ్డు అంచున ప్రాణములు అరచేత బట్టుకొని నడచుచున్నారు. బళ్లారి పేటలలో నివసించు గృహిణులకు ఆ భాగ్యమును లేదు. మేడమీద ఇటునుండి అటు, అటునుండి ఇటు పచారులు చేయుదురు. వీరిలో ఎవరికి భవనము లేక నిద్ర పట్టకున్నది?

ధనము లేదందురా? ఈ జిల్లాలో ఆ మాట చెల్లదు. 2015లో గనుల చట్టమును సవరించి ప్రతి ఖనిజ జిల్లాకును ఒక జిల్లా ఖనిజ నిధిని ఏర్పరచిరి. పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతము, వేలములో లీజు పొందినవారు 10 శాతము అదనముగా ఈ నిధికి చెల్లింపవలెను. అందులో అధికభాగము త్రాగునీరు, పర్యావరణము, ఆరోగ్యము, విద్య మొదలగు ముఖ్యావసరములకు వెచ్చింపవలెనను నియమము మొదట 60 శాతముగా నుండి 2024లో 70 శాతమునకు పెరిగినది. ఇదిగాక, 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి గనులను నిలిపివేసిన వ్యాజ్యము నుండి పుట్టిన పునరుద్ధరణ నిధి వేరొకటి కలదు. బళ్లారి, చిత్రదుర్గము, తుమకూరు జిల్లాలలో గనులచే చెడిన ప్రాంతములను బాగుచేయుటకే అది యున్నది. దాని ప్రణాళిక అమలును చూచుటకు 2022లో న్యాయస్థానము నియమించినది జస్టిస్ బి. సుదర్శనరెడ్డిగారిని. నగరముల సంగతి చూతమన్న, 2015లో ఆరంభమైన అమృత్ పథకమున పార్కులకు, విశేషించి పిల్లలకు అనువైన తోటలకు, నిధులలో 2.5 శాతము వరకు వాడుకొనవచ్చునని వ్రాసిరి. పది లక్షలకు లోబడిన జనసంఖ్యగల నగరములకు కేంద్రము సగము వ్యయమును భరించెను. 2011 లెక్కల ప్రకారము బళ్లారి జనసంఖ్య నాలుగు లక్షల పైచిలుకు. పైగా రాజ్యాంగములోని 371-జె అధికరణము క్రింద కళ్యాణ కర్ణాటక మండలి నిధులును మనకు వచ్చుచున్నవి. నిజాము 1800లోనే వదలుకొనిన దత్తమండలమును నిజాము సీమతో జతచేసి లాభము పొందుట చిత్రమే గాని, వచ్చిన సొమ్మును వలదనము గదా!

ధనము లేకపోవుట గాక, అడుగువాడు లేకపోవుట మన లోపము. అడుగువాడున్నచోటను ఏమడుగవలెనో తెలియకపోవుట అంతకన్న పెద్ద లోపము. గ్రాంటు అనగానే కాంట్రాక్టరుకు కనబడునవి స్వాగతతోరణము, సిమెంటు జింకలు, రంగుదీపముల జలయంత్రము. మేమొక యూర ఇట్టి ఉద్యానమును చూచితిమి. ప్రారంభోత్సవ ఫలకము నున్నగా మెరయుచున్నది. జలయంత్రములో నీరు లేదు, ప్లాస్టిక్ సీసాలున్నవి. నడకదారిపై పరచిన పలకలు లేచి, వృద్ధుల కాలికి ఎదురుదెబ్బలు. ద్వారమునకు తాళము. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని అడిగిన, తోటమాలి యొద్ద; తోటమాలి ఎక్కడయని అడిగిన, జీతము రాక మానివేసినాడు. కట్టుటకు గ్రాంటు వచ్చినది గాని కాపాడుటకు పైస రాలేదు. దీనికి కాంట్రాక్టరును మాత్రమే నిందింపలేము. అర్జీలో మనము వ్రాసినది "పార్కు నిర్మింపుడు" అని మాత్రమే గదా.

అమెరికాకు పోయిన మన పిల్లలు అచ్చటి నడకదారుల ఫొటోలు పంపుచుందురు. మనము మురిసిపోయి, "ధనిక దేశము, వారికేమి!" అని విడిచిపెట్టుదుము. ఆ దారుల వెనుక నున్న చట్టమును ఒక్కమారు చూడవలెను. 1964లో వారు భూజల సంరక్షణ నిధి యను నొకదానిని నెలకొల్పిరి. దానికి ముఖ్యమైన రాబడి సముద్రగర్భమున తీయు చమురు, వాయువుల రాయల్టీ. భూమి క్రింది సొత్తు ఒకనాటికి తరిగిపోవును గనుక, దాని ధరలో కొంత భూమిమీది తోటలుగా మార్చి రాబోవు తరములకు మిగుల్చవలెనని వారి తలంపు. 2020లో చేసిన చట్టముతో ఏటేట 90 కోట్ల డాలర్లు ఆ నిధికి తప్పక చేరవలసినదైనది. ఇందులో మనకు పాఠములు రెండు. రాష్ట్రములకిచ్చు గ్రాంటు వ్యయములో సగమునకు మించదు. తక్కినసగము స్థానికులు తెచ్చుకొనవలెను. రెండవది, ఇంతకన్న గట్టిది. ఆ నిధి తాకిన స్థలము ఎన్నటికిని ప్రజల విహారస్థలముగానే యుండవలెను. దానిని వేరొక పనికి మార్చదలచిన, సమానమైన విలువగల వేరొక స్థలమును తోటకొరకు చూపి, కేంద్రప్రభుత్వపు అనుమతి పొందవలెను. చమురు వారిది, ఇనుపరాయి మనది. సండూరు కొండల ఎర్రమట్టి ఓడలెక్కి పోయినది. దానికి బదులుగా సండూరు పల్లెలలో నీడగల బాట యొక్కటియైన మిగులవలదా?

మన చట్టములును గొడ్డుబోయినవి కావు. కర్ణాటకమున 1985 నాటి పార్కులు, ఆటస్థలములు, బహిరంగ స్థలముల సంరక్షణ చట్టము కలదు. పట్టణములోని అట్టి స్థలముల పట్టికను ప్రకటింపవలెనని, పట్టిక కెక్కినదానిని అన్యకార్యములకు వినియోగింపరాదని దాని సారము. బెంగుళూరున రాజమహల్ విలాస్ విస్తరణలో తోటకు విడిచిన స్థలమును ఒక ప్రైవేటు వైద్యశాలకు కట్టబెట్టినప్పుడు ఆ పేట నివాసులు కోర్టు కెక్కిరి. 1991లో సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పెను. పేటవాసులు మనవంటివారే. పెద్ద సంఘము కాదు, పేరున్న భవనము లేదు. తమ వీధి ముందరి ఖాళీస్థలము తమదని తెలిసియుండుటయే వారి బలము. మన పేటలలో లేఅవుటు పటమున తోటకని విడిచిన స్థలములెన్ని? అవి పట్టిక కెక్కినవా? ఈ రెండు ప్రశ్నలు నగరపాలికను లిఖితపూర్వకముగా అడిగిన తెలుగు సంఘము ఒక్కటియైన కలదా?

2021లో విజయనగర జిల్లా వేరుపడినప్పుడు హంపి పోయినది, హోసపేట ఆనకట్ట పోయినది. బళ్లారి పిల్లల తోటలోని జంతువులు అంతకుముందే కమలాపురపు జంతుప్రదర్శనశాలకు తరలియుండినవి. కమలాపురమును ఆ జిల్లాలోనే చేరినది. చూపుటకు మనకేమున్నదని నిట్టూర్చువారికి మేము సంగనకల్లు త్రోవ చూపుదుము. నగరమునకు కొద్ది మైళ్ల దూరముననే సంగనకల్లు, కప్పగల్లు గుట్టలున్నవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరగారి కాలమునుండి పురాతత్త్వవేత్తలకు అవి తీర్థములు. సుమారు అయిదువేల యేండ్లనాడు అచ్చట పశువులను మేపుకొని, రాతిగొడ్డండ్లు నూరుకొని జనులు బ్రతికిరి. పొడవైన కొమ్ములు, మూపురము గల ఎద్దులను నల్లరాళ్లపై గీసిరి. రాతితో కొట్టిన గంటవలె మ్రోగు బండలును అచ్చట కలవు. 2004లో నికోల్ బోయివిన్ అను విదుషి వీనిని గూర్చి ఆంటిక్విటీ పత్రికలో వ్రాసినప్పుడు, గుట్టను కంకరకొరకు పగులగొట్టుచున్నారని లోకమునకు తెలిసినది. కాపలావాడొకడు చేయలేని పనిని నడకదారి చేయగలదు. దినమును నూరుమంది తిరుగుచోట రాత్రిపూట పేలుళ్లు గుట్టుగా సాగవు. కోటకొండ పురాతత్త్వశాఖవారి రక్షణలో నున్నది గనుక దాని సంగతి వారు చూచుకొందురు. ఈ గుట్టలకు దిక్కెవరు? ఇచ్చట బాట వేసి, ఎద్దుబొమ్మల కథను కన్నడము, తెలుగు, ఆంగ్లము మూడింటను పలకపై వ్రాయుడని అడిగిన, అందులో మన భాషకు గౌరవస్థానము గోడలులేకయే దక్కును.

ఇక మిగిలిన ఆక్షేపణ యొకటి. "త్రాగునీటికే దినములు లెక్కపెట్టుకొను ఊరిలో తోటలా?" అని. ఇది నిజమైన ఆక్షేపణ. దీనిని తేలికగా త్రోసివేయము. తుంగభద్ర జలాశయము పూడికచే 133 టి.ఎం.సీ.ల నుండి సుమారు 105కు తగ్గినది. 2024 ఆగస్టు 10న దాని 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు బళ్లారి మొదలు ఆదోని వరకు ఎన్ని గుండెలు ఆగినవో మనమెరుగుదుము. కావుననే పచ్చికబయళ్లు వలదని మేమందుము. నలువది డిగ్రీల యెండలో విదేశపు గడ్డికి మంచినీరు పోయుట పాపము. వేప, కానుగ, చింత, రావి నాటుడు. తొలి మూడేండ్లు కడవనీరు పోసిన చాలును. తరువాత అవియే మనలను కాపాడును. త్రాగునీటి పథకముతో దీనికి పోటీ లేదు. పోటీ యున్నది తోరణములతో, సిమెంటు జింకలతో, మన భవనముతో.

మేమడుగు అర్జీ యిట్లుండవలెను. స్థలమును ముందు 1985 చట్టపు పట్టిక కెక్కింపుడు; పిదపనే సొమ్ము విడుదల చేయుడు. సండూరు పల్లెలకు ఖనిజనిధినుండి, బళ్లారి పేటలకు నగరనిధినుండి ఇండు. అంచనాలోనే అయిదేండ్ల తోటమాలి జీతమును చేర్చుడు. బాట ఇసుకమట్టిదైన చాలును, పలకలు వలదు. తాళము వలదు. పర్యవేక్షణ సంఘమున కన్నడిగులు, తెలుగువారు, ఉర్దూ మాటలాడువారు, ఆ పేటలోని స్త్రీలు ఉండవలెను. ఏ పార్టీ వారిని చేర్చకుడు. వీలుకాదని అధికారులనిన, వీలుకాదని వ్రాసి ఇండని అడుగవలెను. వ్రాతపూర్వకమైన నిరాకరణకు భయపడినంతగా వారు మరి దేనికిని భయపడరు.

అర్జీతోబాటు మన వంతును చూపవలెను. భవనమునకని మనము కూడబెట్టుచున్న చందాలు బ్యాంకున వడ్డీ తినుచున్నవి. ఈ సంచికకు వ్యాపారస్థులిచ్చిన ప్రకటనల సొమ్ము ఖర్చులు పోగా కొంత మిగులును. ఈ రెండింటినుండి సగము తీసి సంగనకల్లు త్రోవలో మొదటి మైలు చెట్లకును, వానికి నీరుపోయు మనిషి కూలికిని కేటాయింపవలెనని వచ్చు సర్వసభ్య సమావేశమున మేము తీర్మానము ప్రవేశపెట్టుచున్నాము. భవనపక్షమువారు తమ వాదమును సిద్ధము చేసికొని రావలెనని కోరుచున్నాము. సమావేశము మాత్రము అద్దె హాలులో వలదు. ఆదివారము ఉదయము ఆరు గంటలకు కప్పగల్లు గుట్ట దిగువను పెట్టుడు.