బేరానికి నోరు కాదు, కాళ్ళు కావాలి

ఏ కంపెనీలో ఉన్నా రెండేళ్ళకోసారి "నెగోషియేషన్ స్కిల్స్" ట్రైనింగు తప్పదు. మీలో చాలామందికి అనుభవమే కదా. టై కట్టుకున్న పెద్దమనిషొకాయన వచ్చి కమలాపండు కథ చెప్తాడు. ఇద్దరక్కచెల్లెళ్ళు ఒక్క పండు కోసం దెబ్బలాడుకుని చెరిసగం కోసుకుంటారు. తీరా చూస్తే ఒకమ్మాయికి కావల్సింది లోపలి తొనలు, రెండో అమ్మాయికి కావల్సింది కేకులో వెయ్యడానికి తొక్క. ముందే అడిగి తెలుసుకుంటే ఇద్దరికీ మొత్తం దక్కేది కదా! విన్-విన్! చప్పట్లు. ఆ తరవాత భోజనాలు.

కథ బాగానే ఉంటుంది. నా గొడవల్లా దాన్ని మనమీద ప్రయోగించడం గురించే. మాది శ్రీకూర్మం. పశువుల బేరాల దగ్గర్నించి చేపల పాటల దాకా చూస్తూ పెరిగాను గానీ, "నాకు తొక్క చాలు, తొనలు నువ్వు తీసుకో" అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు. జీతం బేరమూ అంతే. మీకు రెండు లక్షలు ఎక్కువ కావాలి, కంపెనీకి ఆ రెండు లక్షలు మిగలాలి. అవే రెండు లక్షలు. ఇందులో తొక్కెక్కడుంది?

నేననేది ఒకటే. బేరంలో ఎవరు నెగ్గుతారన్నది మాటల నేర్పుని బట్టి కాదు, బేరం కుదరకపోతే ఎవరు లేచి వెళ్ళిపోగలరన్నదాన్ని బట్టి ఉంటుంది. లేచి వెళ్ళడానికి కాళ్ళున్నవాడు నత్తినత్తిగా మాట్లాడినా గిట్టుబాటవుతుంది. కాళ్ళు కట్టేసి ఉన్నవాడికి ఎన్ని సాఫ్ట్ స్కిల్స్ నేర్పినా.. అంతే సంగతులు.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. ఆ కమలాపండుని ఊరూరా తిప్పిన పుస్తకం "గెటింగ్ టు యెస్", రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాశారు. అందులోనే "బాట్నా" అని ఒక మాట ఉంది. బేరం కుదరకపోతే మన చేతిలో మిగిలే దారుల్లో మంచిదేదో అది. అది ఎంత బాగుంటే బేరంలో మన బలం అంత అని వాళ్ళే రాశారు. నా మటుకు పుస్తకంలో అసలు సరుకు అదే. మన ట్రైనింగుల్లో మాత్రం దానికి ఒక స్లైడు, పండుకి ఒక పూట! ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఉద్యోగులకి లేచి వెళ్ళడం ఎలాగో నేర్పడానికి ఏ కంపెనీ డబ్బులిస్తుంది చెప్పండి? :)

సరే, మా వైపు బేరాల పద్ధతులు కొన్ని చూద్దాం. ఎవరి కాళ్ళు ఎక్కడున్నాయో గమనిస్తూ చదవండి.

మొదటిది చేపల పాట. మా గార మండలంలో కళింగపట్నం దాకా ఒడ్డంతా ఇదే. పడవ ఒడ్డుకి రాగానే పాట మొదలు. గొంతెత్తి పాడతారు, అందరికీ వినపడుతుంది, కొనేవాళ్ళు నలుగురుంటే ధర ఎక్కుతుంది. పైకి చూస్తే ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదు. కానీ అమ్మేవాడి కాళ్ళకి రెండు తాళ్ళుంటాయి. ఒకటి ఎండ. ఐసు లేకపోతే చేప సాయంత్రం దాకా ఆగదు, కొనేవాడు మాత్రం ఆగగలడు. రెండోది అడ్వాన్సు. వలకో, ఇంజనుకో, ఇంట్లో పెళ్ళికో వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకుని ఉంటే ఆ చేప అసలు పాటకే రాదు. నేరుగా ఆయన బుట్టలోకే, ఆయన చెప్పిన ధరకే. "ఏటి బేరం బాబూ, మన సేప మనది కాదు" అనే మాట ఆ ఒడ్డున చాలాసార్లు విన్నాను. అలా అన్నవాళ్ళకి మాటకారితనం లేదనుకుంటున్నారా? మా వైపు జాలర్లతో ఒక్కపూట మాట్లాడి చూడండి, మీ సేల్స్ టీం మొత్తం దిగదుడుపే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. సంపాదన ఉండదు కాబట్టి అప్పుకి వెళ్ళే రోజులివి. నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 4 వేల నుంచి 10 వేలయింది. 2025 ఏప్రిల్‌లో మా జిల్లాలోనే, ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో, దాన్ని 20 వేలు చేసి మొదలుపెట్టారు. ఏ పార్టీ ఎంతిచ్చిందన్న గొడవ పక్కన పెట్టండి. ఆ డబ్బు ఎవరికీ మాటలు నేర్పదు. వ్యాపారి గుమ్మం ఎక్కాల్సిన అవసరాన్ని ఒకటో రెండో సార్లు తప్పిస్తుంది, అంతే. నా లెక్కలో ఏ ట్రైనింగు కన్నా అది మంచి నెగోషియేషన్ పాఠం.

రెండోది పశువుల సంత. కోటబొమ్మాళి దగ్గర నారాయణవలస సంత పేరు మా జిల్లాలో వినని రైతుండడు. పశువుల బేరాలకి పాత పద్ధతొకటుంది. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవడం. చుట్టూ పదిమంది నిలబడ్డా ఎవరెంత అడిగారో ఆ ఇద్దరికే తెలుస్తుంది. పట్నం వాళ్ళకి ఇదేదో చీకటి వ్యాపారంలా కనపడుతుంది గానీ, కాస్త ఆలోచించండి. ఈ బేరం చెడినా, తరవాత వచ్చేవాడికి మీరు ఎంత దాకా దిగారో తెలీదు. ఒక బేరం చెడిందని రెండో బేరంలో మీ కాళ్ళు విరగవు. పైగా దాపరికం ఇద్దరికీ సమానం. తువ్వాలు రెండు చేతుల్నీ కప్పుతుంది.

మన ఇంటర్వ్యూల్లో తువ్వాలు ఒక వైపే కప్పుతారు. మూడు నెలల పేస్లిప్పులు పెట్టు, ఫారం 16 పెట్టు, చేతిలో ఇంకే ఆఫరుందో చూపించు. సరే సార్, మరి ఈ పోస్టుకి మీ బడ్జెట్టెంత? "అది చెప్పకూడదండీ, పాలసీ!" మన వేళ్ళు బయట, వాళ్ళ వేళ్ళు తువ్వాలు కింద. ఆ తరవాత "పాత జీతం మీద 30 శాతం" అని లెక్క వేస్తారు. మొదటి ఉద్యోగంలో తక్కువకి చేరినవాడు పదేళ్ళ తరవాత కూడా ఆ తక్కువనే మోస్తూ తిరుగుతుంటాడు. ఇది ప్రకృతి నియమం ఏమీ కాదు. పాత జీతం అడక్కూడదని కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి, మసాచుసెట్స్‌లో అదే ఏడాది జులై నుంచి చట్టం ఉంది. ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకానో వెయ్యాలని కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియాలో 2023 నుంచి రూలు. తువ్వాలు తిప్పి కప్పారన్నమాట. ఇక్కడ మనం మాత్రం పేస్లిప్పు పీడీఎఫ్‌కి పాస్‌వర్డు కూడా మనమే చెప్పి పంపిస్తున్నాం.

మూడోది చూడాలంటే కాస్త ఉత్తరానికి, ఉద్దానం వెళ్ళాలి. అక్కడ జీడి రైతు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలు. బేరం 80 కిలోల పిక్కల బస్తా మీద. స్థానిక పిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి కూడా ముడి పిక్కలు పలాస వస్తాయి. తప్పని నేననను. ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడవాలి, పప్పు ఒలిచే ఆడవాళ్ళకి పని ఉండాలి. కానీ బేరం దగ్గరేమవుతుంది? వ్యాపారి "ఈ ధరకి నాకొద్దు" అని ఓడ వైపు చూపించగలడు. రైతు ఎటు చూపిస్తాడు? 2018 కేంద్ర బడ్జెట్లో ముడి జీడి మీద దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గింది. అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం జీడి తోటల్ని, కొబ్బరి తోటల్ని పడగొట్టేసింది. ఒకే ఏడాదిలో ఒకరి కాళ్ళు పొడుగయ్యాయి, రెండోవారి కాళ్ళు విరిగాయి. ఆ తరవాత బస్తాకి గిట్టుబాటు ధర కావాలని రైతులు రోడ్డెక్కాల్సొచ్చింది. ఆ రైతుకి విన్-విన్ గురించి క్లాసు పీకే ధైర్యం ఎవరికైనా ఉందా?

కాళ్ళున్నవాళ్ళు ఏం చేస్తారో చూడాలంటే సోంపేట. అక్కడి బీల భూముల్లో థర్మల్ విద్యుత్ ప్లాంటు పెడతామని ఓ కంపెనీ వస్తే జనం ధర అడగలేదు, అసలు బేరమే వద్దన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ రోజుల్లోనే ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది, ప్లాంటు రాలేదు. వాళ్ళెందుకు వద్దనగలిగారు? ఆ బీలే వాళ్ళకి నీళ్ళు, పంట, చేప ఇస్తోంది కాబట్టి. బేరం కుదరకపోయినా బతుకుంది. ప్రాణాలు పోవడాన్ని నేను గొప్పగా చెప్పడం లేదు. "వద్దు" అనడానికి ఏం కావాలో చెప్తున్నానంతే.

ఇప్పుడు మన సంగతి. ఏసీలో కూర్చున్నాం కదా, మనకేం అనుకోకండి. మనకీ అడ్వాన్సులున్నాయి, పేర్లే వేరు. బాండు, 90 రోజుల నోటీసు, జాయినింగ్ బోనస్ రికవరీ. నాకు తెలిసిన కుర్రాడొకడికి నెల రోజుల్లో చేరమని మంచి ఆఫరొచ్చింది. అప్పుడు పనిచేస్తున్న కంపెనీ 90 రోజులకి ఒక్కరోజు కూడా తగ్గించనంది, ఆ రోజులకి డబ్బు కట్టేస్తానన్నా రిలీవింగ్ లెటర్ ఇవ్వనంది. ఆఫరు పోయింది. ఇంగ్లీషు, మాట, పని, అన్నీ బాగా వచ్చినవాడే. వాడికి తక్కువైన "స్కిల్" ఏంటో ఎవరైనా చెప్పండి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న బాండు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి "బాండ్లు కోర్టులో నిలవవులే, సంతకం పెట్టెయ్" అని జూనియర్లకి సలహాలిచ్చే పెద్దన్నలు ఇక ఆపితే మంచిది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళది ఇంకో రకం. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్ని వెతుక్కోవడానికి ఉండేది మహా అయితే 60 రోజులు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడు, ఇల్లు కొన్నవాడు, పిల్లలు బడికెళ్తున్నవాడు హైకు ఎలా అడుగుతాడు? ఐసు లేని చేపల బుట్టతో ఒడ్డున నిలబడ్డట్టే.

ఇంకా నమ్మకం కుదరకపోతే సిలికాన్ వ్యాలీ చూడండి. యాపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ లాంటి కంపెనీలు ఒకరి ఇంజనీర్లని ఒకరు పిలవకూడదని లోపాయికారీగా ఒప్పందాలు చేసుకున్నాయి. 2010లో అమెరికా న్యాయశాఖ పట్టుకుంది. ఉద్యోగులు వేసిన కేసులో ఈ నాలుగూ కలిసి 41.5 కోట్ల డాలర్లు చెల్లించే రాజీకి 2015లో కోర్టు ఒప్పుకుంది. ఆ కంపెనీలకి తెలుసు, ఇంజనీరు నోరు మూయించక్కర్లేదు, తలుపులు మూస్తే చాలని.

"అయితే మాట తీరు అక్కర్లేదా?" అంటారు. కావాలి. కాళ్ళు రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడు మాటే తేల్చుతుంది. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసే ఇద్దరి మధ్య తొక్క, తొనలు పంచుకునే సందర్భాలూ వస్తాయి. ఒకరికి జీతం కన్నా ఇంటి నుంచి పని ముఖ్యం, మేనేజరుకి రిలీజు తేదీ ముఖ్యం. అక్కడ ఆ పుస్తకం పనికొస్తుంది, కాదనను. నేను కాదనేదల్లా, కాళ్ళు కట్టేసినవాడితో "నీకు మాట్లాడ్డం రాదు, అందుకే నీ జీతం తక్కువ" అనడాన్ని.

అన్నట్టు, మనవాళ్ళు బేరం ఆడలేరన్నది కూడా అబద్ధమే. సెలవులకి కారులో శ్రీకూర్మం వస్తారు. రెండు ధ్వజస్తంభాల దగ్గరా ఫొటోలు దిగి, నక్షత్ర తాబేళ్ళని చూసి, గుడి బయట కొబ్బరికాయలమ్మే ముసలమ్మ దగ్గర పది రూపాయల కోసం పావుగంట వాదిస్తారు. అక్కడ నోరు భలే లేస్తుంది! ఎందుకంటే పక్కన ఇంకో నాలుగు కొట్లున్నాయి, ఆవిడకి మాత్రం ఆ ఒక్క బుట్టే ఉంది. ఇదీ నెగోషియేషన్ స్కిల్లే కాబోలు.

మరేం చెయ్యాలంటారా? కొత్త విషయాలేమీ లేవు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పెట్టుకునే దాకా పెద్ద ఈఎంఐ తలకెత్తుకోకండి. ఉద్యోగం బాగున్నప్పుడే ఏడాదికోసారి బయట ఇంటర్వ్యూ ఇచ్చి మీ ధరెంతో తెలుసుకోండి. జీతం ఎంతని స్నేహితుడు అడిగితే సిగ్గుపడకుండా చెప్పండి. మనలో మనం దాచుకున్నంత కాలం లాభం తువ్వాలు కింద చెయ్యి పెట్టినవాడికే. జాయినింగ్ బోనస్ కన్నా ముందు నోటీసు రోజులు తగ్గించమని అడగండి. నియామకాలు చేసే స్థానంలో ఉన్నారా, పాత పేస్లిప్పు అడక్కుండా పోస్టుకి బడ్జెట్టెంతో మీరే ముందు చెప్పండి. ఇది రేపటి నుంచే మీ చేతిలో ఉన్న పని, ఏ చట్టం కోసం ఆగక్కర్లేదు.

ఆఖరిగా ఒక్క ప్రశ్న. మీ ఆఫర్ లెటరు తియ్యకుండా చెప్పండి. మీరు మానేస్తే కంపెనీకి ఎన్ని రోజుల నోటీసివ్వాలి? కంపెనీ మిమ్మల్ని తీసేస్తే మీకెన్ని రోజులివ్వాలి?