వాచకాల్లో తూటాలు

తాలిబాన్ పుట్టుక గురించి అడిగితే ఎవరైనా 1994, కాందహార్ అంటారు. సోవియట్ సేనలతో పోరాడి ఒక కన్ను పోగొట్టుకున్న ముల్లా ఒమర్, ఆయన వెంట నడిచిన మదరసా విద్యార్థులు. తేదీ, ఊరు సరైనవే. అయితే ఆ కుర్రవాళ్ల తరం చేతికి అంతకు పదేళ్ల ముందు నుంచే ఎలాంటి పుస్తకాలు వచ్చాయో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అక్షరంతో పనిచేసే పత్రిక పట్టించుకోవలసింది ముందుగా దాన్నే.

1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగింది. లక్షల కుటుంబాలు సరిహద్దు దాటి పాకిస్తాన్ శిబిరాల్లో తలదాచుకున్నాయి. అఫ్గాన్ పిల్లల చదువు కోసమంటూ అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ డబ్బిచ్చింది. 1984 నుంచి పదేళ్లలో ఒమాహాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి అందింది 5 కోట్ల డాలర్ల పైమాటే. ఆ సొమ్ముతో పాష్తో, దరీ భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. మన పిల్లలకు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. ఆ పిల్లల అక్షరమాలలోకి జిహాద్ వచ్చింది, తుపాకీ వచ్చింది. తూటాలు, ట్యాంకులు లెక్కపెట్టి అంకెలు నేర్చుకున్నారు. నాలుగో తరగతి లెక్క ఒకటుంది: రష్యన్ సైనికుడు ఎంత దూరంలో ఉన్నాడో, తూటా వేగమెంతో చెప్పి, అది అతని తలకు తగలడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కట్టమంటుంది. తొమ్మిది పదేళ్ల పిల్లవాడి చేత!

1989 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. పుస్తకాలు మాత్రం ఉండిపోయాయి. తాలిబాన్ ఏలుబడిలో కూడా బడుల్లో అవే నడిచాయి. బొమ్మల్లో మనుషుల ముఖాలు మాత్రం కొట్టేశారు.

అమెరికాయే తాలిబాన్‌ను పుట్టించిందనే మాట తరచు వింటుంటాం. అది నిజం కాదు. అమెరికా ఆయుధాలిచ్చింది సోవియట్ల మీద పోరాడిన ముజాహిదీన్‌కు. అమెరికా ఖర్చుకు సమానంగా సౌదీ అరేబియా డబ్బు కలిపింది. పంపకం పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ చేతిలో ఉండేది. తరవాత ఆ ముజాహిదీన్ దళపతులే రోడ్లకు అడ్డంగా గొలుసులు కట్టి జనాన్ని పీడిస్తుంటే, వాళ్లను అణిచేస్తామంటూ తాలిబాన్ లేచింది. కాందహార్ జనం మొదట్లో ఊపిరి పీల్చుకున్నారు కూడా. బేనజీర్ భుట్టో ప్రభుత్వంలో హోంమంత్రి నసీరుల్లా బాబర్ వాళ్లకు అండగా నిలిచాడు. 1996లో కాబూల్ పడింది. మరుసటి ఏడాది ఆ పాలనను గుర్తించిన దేశాలు మూడే: పాకిస్తాన్, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్.

కనుక నేరం ఒక్కరిది కాదు. ఒక మతానిదని తేల్చేయడం అంతకన్నా అన్యాయం. తాలిబాన్ తమ సంప్రదాయమని చెప్పుకునే దేవబంద్ మదరసా నుంచే 2008లో ఉగ్రవాదాన్ని ఖండిస్తూ ఫత్వా వెలువడింది. తాలిబాన్ చేతుల్లో ఎక్కువగా నలిగిందీ ముస్లింలే. 1998లో మజారే షరీఫ్‌లో ఊచకోతకు గురైన హజారాలు ముస్లింలు. హేరాత్‌లో కుట్టు నేర్చుకోవడానికంటూ బయల్దేరి, ఆ మిషతో రహస్యంగా సాహిత్యం చదువుకున్న ఆడవాళ్లు ముస్లింలు. ఆ బృందంలోంచి వచ్చిన కవయిత్రి నాదియా అంజుమన్ తాలిబాన్ కూలాక 2005లో తన కవితా సంపుటి తెచ్చింది. అదే ఏడాది, పాతికేళ్లయినా నిండకముందే, భర్త కొట్టిన దెబ్బల తరవాత చనిపోయింది.

2021 ఆగస్టులో తాలిబాన్ మళ్లీ కాబూల్‌కు వచ్చింది. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు. 2022 డిసెంబరు నుంచి విశ్వవిద్యాలయం కూడా లేదు. ఇంత జరుగుతున్నా అఫ్గాన్ స్త్రీల రచనలు తెలుగులోకి వచ్చినవి చాలా తక్కువ. దరీ, పాష్తో మనకు రాకపోవచ్చు. ఇంగ్లీషులో, హిందీలో, ఉర్దూలో దొరికేవాటి నుంచైనా అనువదించవచ్చు. ఉర్దూ బాగా తెలిసిన తెలుగు రచయితలు మనకు ఉన్నారు, వాళ్లు ముందుకు రావాలి. అనువాదాలు పంపండి. వచ్చే సంచిక నుంచి వాటికి చోటు కేటాయిస్తున్నాం.