ప్రసంగ పీఠం మీద సిసిరో

నేటి అల్జీరియా తీరంలో ఒకప్పుడు సిజేరియా అనే ఊరు ఉండేది. ఏటా ఒక అదనులో ఊరు రెండుగా చీలి, కొన్నాళ్లపాటు రాళ్లతో కొట్టుకునేది. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు చెరోవైపు నిలబడేవారు. ప్రాణాలు పోయేవి. తాతలనాటి ఆచారమని అది అలాగే సాగింది. హిప్పో బిషప్ అగస్టీన్ అక్కడికి వెళ్లి, ఈ పోరు మానమని ప్రసంగించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకా పని కాలేదనుకున్నాడాయన. వాళ్ల కళ్లలో నీళ్లు చూశాకే మాట తగలాల్సిన చోట తగిలిందని నమ్మాడు. ఎనిమిదేళ్లు దాటినా ఆ పోరు మళ్లీ జరగలేదని ఆయనే రాశాడు.

‘క్రైస్తవ బోధ’ గ్రంథం నాలుగో భాగంలో ఉందీ ఉదంతం. 426 ప్రాంతంలో ముగించిన ఆ భాగంలో అడుగడుగునా సిసిరో కనిపిస్తాడు. బోధించడం, రంజింపజేయడం, కదిలించడం అని ఆ రోమన్ వక్త చెప్పిన మూడు పనులనూ అగస్టీన్ సంఘబోధకుడికి అప్పగించాడు. ఆయన కార్తేజ్, రోమ్, మిలాన్‌లలో వక్తృత్వం నేర్పి బతికినవాడు. మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ ప్రసంగాలకు మొదట వెళ్లిందీ మాట తీరు గమనించడానికే. వింటూ వింటూ విషయానికే పట్టుబడ్డాడు. 387లో ఆంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు.

ప్రసంగానికి సాధన అక్కర్లేదు, నోరు తెరిస్తే దేవుడే పలికిస్తాడు అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మాటల చాతుర్యంతో రాలేదని కొరింథీయులకు పౌలు రాసిన లేఖను వాళ్లు చూపిస్తారు. ఆ పౌలు లేఖల నడకలోనే ఎంత పదును ఉందో అగస్టీన్ పంక్తి పంక్తీ విప్పి చూపాడు. అబద్ధానికి వక్తృత్వం తోడున్నప్పుడు నిజం మాత్రం వట్టి చేతులతో ఎందుకు నిలబడాలన్నది ఆయన ప్రశ్న. దానికి నేటికీ గట్టి జవాబు లేదు.

ఆ విద్య విలువ శత్రువుకూ తెలుసు. 362లో జూలియన్ చక్రవర్తి క్రైస్తవులు బడుల్లో ప్రాచీన సాహిత్యం, వక్తృత్వం బోధించకుండా అడ్డుకున్నాడు. రోమ్‌లో పేరున్న అధ్యాపకుడు మారియస్ విక్టోరినస్ విశ్వాసాన్ని వదలలేక బడినే వదిలేశాడు. గ్రీకు విద్య ఏ ఒక్క మతం సొత్తూ కాదని క్రైస్తవ వేదాంతి నాజియాంజస్ గ్రెగరీ మండిపడ్డాడు.

తెలుగులోనూ దీనికి సాటి ఉంది. 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి తనకు పట్టుబడిన కవిత్వ విద్యను క్రీస్తు కీర్తనల్లోకి తెచ్చాడు. అవి ఇప్పటికీ ఆరాధనల్లో వినిపిస్తున్నాయి. మైకు హోరు పెంచి, హల్లెలూయా అనిపించి, చప్పట్లు అడిగి తీసుకునే ప్రసంగాలకు ఆ బలం రాదు. ప్రసంగం నేర్చుకునే కుర్రవాళ్ల చేతికి బైబిలుతో పాటు అగస్టీన్ నాలుగో భాగాన్నీ, చౌదరి కీర్తనలనూ ఇవ్వాలి. వారం వారం రాసి, చదివి వినిపించి, దిద్దించుకునే పద్ధతి పెట్టాలి.