గార్డుకు బాకీ పడ్డ 160 గంటలు

కిలోమీటరు దూరం ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. మగవారైతే 160, ఆడవారైతే 150 సెంటీమీటర్ల ఎత్తుండాలి. గుర్తింపు కార్డునూ పాస్‌పోర్టునూ పరిశీలించడం రావాలి. పేలుడు పదార్థమేమో అనిపించే వస్తువును పసిగట్టాలి. మంటలు ఆర్పడం, గాయపడ్డవారికి ప్రథమ చికిత్స చేయడం, ఎగబడే జనాన్ని అదుపులో పెట్టడం తెలిసుండాలి. ఎఫ్‌ఐఆర్ ఎలా నమోదు చేయించాలో, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు వర్తిస్తుందో చెప్పగలగాలి. ఇదంతా ఎస్సై ఉద్యోగానికి పెట్టిన అర్హత కాదు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర, బట్టల దుకాణం గుమ్మంలో, ఆసుపత్రి క్యాజువాలిటీ ముందు నిలబడే ప్రైవేటు సెక్యూరిటీ గార్డును దృష్టిలో పెట్టుకుని కేంద్ర ప్రభుత్వం 2006లో నమూనా నియమాల్లో రాసిన సంగతులు.

ఆ నియమాలకు ఆధారం 2005లో పార్లమెంటు చేసిన ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం. 2006 మార్చి 14 నుంచి అది అమల్లో ఉంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపకూడదు. 18 ఏళ్లు నిండనివారిని, 65 నిండినవారిని గార్డుగా పెట్టుకోకూడదు. నిర్ణీత శిక్షణ పూర్తిచేయనివారిని అసలే పెట్టుకోకూడదు. ఆ శిక్షణ ఎంతో కూడా నమూనా నియమాలు లెక్క కట్టి చెప్పాయి: తరగతి గదిలో 100 గంటలు, క్షేత్రంలో 60 గంటలు, మొత్తం కనీసం 20 పనిదినాలు. సైన్యంలోనో పోలీసు శాఖలోనో పనిచేసి వచ్చినవారికి 40 గంటల పాఠం, 16 గంటల క్షేత్ర శిక్షణ చాలు. తన గార్డులకు శిక్షణ ఏర్పాటు చేస్తానని ఏజెన్సీ లైసెన్సు దరఖాస్తుతో పాటే అఫిడవిట్ ఇవ్వాలి.

కాగితం మీద ఇంత కట్టుదిట్టంగా ఉన్న వ్యవస్థ మన గేట్ల దగ్గర ఎలా నడుస్తోందో నగరంలో ఉన్నవారందరికీ తెలుసు. పంటలు పోయి ఊరు విడిచి వచ్చిన మనిషి దగ్గర పొద్దున ఆధార్ జిరాక్సు తీసుకుంటారు. సాయంత్రానికి ఎవరో మానేసి వెళ్లిన గార్డు యూనిఫాం అతని చేతికొస్తుంది. రాత్రికి టార్చి, విజిల్, రిజిస్టరుతో పోస్టులో ఉంటాడు. డ్యూటీ పన్నెండు గంటలు. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. మంటలార్పే ఎర్ర సిలిండర్ అతని కుర్చీ పక్కనే గోడకు వేలాడుతుంటుంది గానీ దాని పిన్ను ఎలా లాగాలో చూపించినవారుండరు.

ఇది ఎంత ప్రాణాంతకమో కోల్‌కతాలో తెలిసింది. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున ధాకురియాలోని ఆమ్రి ఆసుపత్రి నేలమాళిగలో నిప్పంటుకుంది. పొగ ఏసీ గొట్టాల వెంబడి వార్డుల్లోకి పాకింది. పక్క బస్తీవాళ్లు పొగ చూసి పరుగెత్తుకొచ్చారు. ఏమీ కాలేదు, పొమ్మంటూ గేటు దగ్గర గార్డులు తమను వెనక్కి పంపేశారని తర్వాత వాళ్లే చెప్పారు. ఆ రోజు 90 మంది దాకా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మంచం దిగలేని రోగులు. కాలిపోయి కాదు, ఊపిరాడక పోయారు.

ఆ గార్డులను రాక్షసులని తిట్టడం తేలిక. కానీ బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదన్న ఒక్క ఆజ్ఞ తప్ప వాళ్లకు ఎవరైనా ఏమైనా నేర్పారా? అలారం ఎప్పుడు మోగించాలో, ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని, ఏ క్షణంలో గేటు మూయడం మాని బార్లా తెరవాలో వాళ్లకు ఎవరు చెప్పారు? ఇలాంటి నిర్ణయం ముందే చెప్పి, చేయించి, అలవాటు చేయిస్తేనే ఆ వేళకు తోస్తుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకుల ప్రాణాలు తీసింది కూడా పొగే. ఎత్తయిన భవనంలో మొదటి పది నిమిషాలు అగ్నిమాపక యంత్రం ఇంకా దారిలోనే ఉంటుంది. ఆ పది నిమిషాలూ కింద గేటు దగ్గరున్న మనిషివే.

శిక్షణ ఎందుకు జరగదన్న ప్రశ్నకు జవాబు డబ్బు లెక్కలో ఉంది. ఒక సంస్థో అపార్ట్‌మెంటు అసోసియేషనో గార్డుల కోసం ఏజెన్సీలను కొటేషన్లు అడుగుతుంది. వచ్చే కాగితంలో కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ, యూనిఫాం, రిలీవర్ ఖర్చు, ఏజెన్సీ కమీషన్ ఉంటాయి. శిక్షణ అన్న వరుసే ఉండదు. ఉన్నా బేరంలో మొదట ఎగిరిపోయేది అదే. తక్కువ ధర చెప్పినవాడికే పని దక్కుతుంది కాబట్టి నిజాయతీగా 20 రోజుల శిక్షణ ఇప్పించే ఏజెన్సీ పోటీలో వెనకబడుతుంది. ఇక గార్డు సంగతి. అప్పు చేసి పట్నం వచ్చినవాడు జీతం లేకుండా 20 రోజులు తరగతి గదిలో కూర్చుని ఏం తింటాడు? శిక్షణ కాలాన్ని డ్యూటీగా లెక్కగట్టి జీతమివ్వనంత వరకు ఆ 160 గంటలు సర్టిఫికెట్ మీద సంతకంగానే మిగులుతాయి.

సర్టిఫికెట్‌తో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం 2015లో మొదలైంది. ఇప్పటికే పనిచేస్తున్నవారి అనుభవాన్ని గుర్తించి, కొద్దిపాటి పునశ్చరణ తర్వాత పరీక్ష పెట్టి పత్రం ఇచ్చే పద్ధతి అందులో ఉంది. పదేళ్లు గరిటె తిప్పినవాడికి పొయ్యి వెలిగించడం నేర్పక్కర్లేదు గదా. కాబట్టి ఆ ఆలోచన మంచిదే. పదిహేనేళ్లు బ్యాంకు గేటు కాసిన మనిషి చేతికి తన పేరున్న ఒక పత్రం రావడం అతని గౌరవానికి కూడా సంబంధించినది. అయితే పదిహేనేళ్ల అనుభవంలో ఒక్కసారీ గుండె ఆగిన మనిషి ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కని గార్డుకు ఆ పాఠం కొత్తగా, బొమ్మ మీద చేతులతో చేయించి నేర్పాలి. అనుభవం పేరుతో దాన్ని దాటవేసి పత్రం ఇస్తే, ఆ పత్రాన్ని నమ్మి పడుకున్నవారందరికీ అన్యాయం జరిగినట్టే.

మన దగ్గర చర్చ ఎప్పుడూ మనిషి ఉన్నాడా లేడా అన్న దగ్గరే ఆగిపోతుంది. 2013 నవంబరు 19న బెంగళూరులో ఒక ఏటీఎంలో షట్టరు దించి ఒక మహిళా బ్యాంకు అధికారిపై కత్తితో దాడిచేశాడొకడు. అక్కడ గార్డు లేడు. నిందితుడు మూడేళ్లకు పైగా తప్పించుకుని తిరిగి, 2017 ఫిబ్రవరిలో మదనపల్లెలో చిక్కాడు. దాడి జరిగిన వెంటనే కర్ణాటక పోలీసులు గార్డులు లేని ఏటీఎంలను మూయించారు. అది అవసరమైన చర్యే. కానీ అక్కడ కూర్చోబెట్టే మనిషికి ఏం తెలిసుండాలన్న ప్రశ్నకు ఆ వేడిలో చోటు దక్కలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టం తెచ్చింది. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, సినిమాహాళ్లు, ఆసుపత్రులు కెమెరాలు పెట్టుకోవాలని, 30 రోజుల దృశ్యాలు దాచాలని ఆదేశించింది. పోలీసులు ఎన్నో కేసులు తేల్చడానికి ఆ కెమెరాలు పనికొచ్చాయి. అయితే తెర ముందు కూర్చున్నవాడికి ఏది చూడాలో తెలియకపోతే కెమెరా జరిగినదాన్ని నమోదు చేస్తుంది తప్ప జరగబోయేదాన్ని ఆపదు.

లైసెన్సు పద్ధతి గట్టిగా ఉన్న బ్రిటన్‌లోనూ శిక్షణ సరిపోలేదని మాంచెస్టర్ చెబుతోంది. 2017 మే 22 రాత్రి అక్కడి అరీనాలో సంగీత కచేరీ ముగిసి పిల్లలు, తల్లిదండ్రులు బయటికి వస్తుండగా ఆత్మాహుతి బాంబు పేలి 22 మంది చనిపోయారు. పేలుడుకు ముందు, పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఒక తండ్రి పెద్ద సంచితో కూర్చున్న యువకుణ్ని అనుమానించి అక్కడి సిబ్బందిలో ఒకరికి చెప్పాడు. ఆ కబురు 18 ఏళ్ల గార్డు దాకా వెళ్లింది. అతనికీ ఏదో తేడాగా ఉందనిపించింది. కానీ తన అనుమానం తప్పయితే జాతి వివక్ష అంటారేమోనని జంకాడు. వాకీటాకీలో కంట్రోల్ రూముకు చెప్పబోతే లైను దొరకలేదు. సర్ జాన్ సాండర్స్ అధ్యక్షతన జరిగిన విచారణ 2021 జూన్‌లో ఇచ్చిన మొదటి సంపుటంలో, దాడిని ఆపడానికో నష్టం తగ్గించడానికో వచ్చిన అవకాశాలు చేజారాయని తేల్చింది. తప్పు కుర్రాళ్ల మీద వేసి ఊరుకోలేదు. వేదిక నడిపినవారిని, భద్రత ఒప్పుకున్న సంస్థను ప్రధాన బాధ్యులుగా చూపింది.

ఆ కుర్రాడి తటపటాయింపును మన గేటు దగ్గర ఊహించుకోండి. పెద్ద కారులో వచ్చినవాడిని ఆపి డిక్కీ తెరవమంటే మర్నాడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని గార్డు మనవాడు. ఏకవచనంతో పిలిచి, రిజిస్టరులో సంతకం పెట్టమంటే కసురుకునే యజమానుల మధ్య అతనికి అనుమానం వచ్చినా నోరు పెగలదు. ఎవరినైనా మర్యాదగా, గట్టిగా ఆపి అడిగే మాట తీరు శిక్షణలో సగం. మిగతా సగం గేటు లోపల ఉండేవారు నేర్చుకోవాలి.

బ్రిటన్ పాఠం నేర్చుకుంది. అక్కడ 2001 చట్టంతో ఏర్పడిన సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ శిక్షణ పొంది, పరీక్ష నెగ్గినవారికి మాత్రమే గార్డు లైసెన్సు ఇస్తుంది. లైసెన్సు మూడేళ్లే చెల్లుతుంది. 2021 ఏప్రిల్ నుంచి గార్డు శిక్షణలో చేరాలంటే ముందే ప్రథమ చికిత్స అర్హత ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి లైసెన్సు మళ్లీ తీసుకోవాలన్నా పునశ్చరణ శిక్షణ పూర్తిచేయాల్సిందే. ఏ లైసెన్సు ఎవరిదో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

అంత దూరం వెళ్లక్కర్లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వలస వెళ్లేవారిని అడిగినా చెబుతారు. భద్రతా పరిశ్రమ నియంత్రణకు ప్రత్యేక సంస్థ ఉన్న దుబాయిలో శిక్షణ, పరీక్ష, కార్డు లేకుండా గార్డుగా నిలబడనివ్వరు. నేర్పితే నేర్చుకోగల మనిషే ఇక్కడ మాత్రం నేర్చుకోలేడని తీర్మానించడం ఏం న్యాయం?

జీతం సంగతి మాట్లాడకుండా శిక్షణ గురించి మాట్లాడటం మోసమే అవుతుంది. 2017 జనవరిలో కేంద్రం తన పరిధిలోని కనీస వేతనాలను సవరించినప్పుడు ఆయుధం లేని వాచ్ అండ్ వార్డ్ సిబ్బందికి నైపుణ్యం ఉన్న కార్మికుడితో సమానంగా, ఆయుధం ఉన్నవారికి అత్యంత నైపుణ్యం ఉన్నవారితో సమానంగా ఖరారు చేసింది. పెద్ద నగరాల్లో అప్పటి రోజు కూలి 637, 693 రూపాయలు. గార్డు పని నైపుణ్యమున్న పని అని ప్రభుత్వమే ఒప్పుకున్న ఆ నిర్ణయం చాలా గొప్పది. దాన్ని ప్రైవేటు గేట్ల దాకా తీసుకురావాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాక జీతం ఒక మెట్టు పెరగాలి. 15 మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజర్ ఉండాలని నమూనా నియమాలే చెబుతున్నాయి కాబట్టి, బాగా నేర్చుకున్న గార్డుకు ఆ మెట్టు కూడా కళ్లెదుటే ఉండాలి. ఇంకా పైన, అమెరికాలో 1955లో పుట్టిన భద్రతా నిపుణుల సంఘం ఏసిస్ ఇంటర్నేషనల్ 1977 నుంచి ఇస్తున్న సీపీపీ (సర్టిఫైడ్ ప్రొటెక్షన్ ప్రొఫెషనల్) లాంటి అర్హతలున్నాయి. మూడేళ్లకోసారి కొత్తగా నేర్చుకున్నది చూపించి దాన్ని నిలబెట్టుకోవాలి. మన ఐటీ సంస్థల్లో భద్రతా విభాగాధిపతులు వాటిని గర్వంగా పేరు పక్కన రాసుకుంటారు. రాసుకోవాలి కూడా. అయితే పైమెట్టు మీద ఉన్నవారికి అంత చదువు పెట్టి, గేటు దగ్గరవాడికి అక్షరమైనా పెట్టని సంస్థకు భద్రత ఉందని ఎలా అనుకోగలం?

ఖర్చు ఎంతవుతుందో లెక్కేద్దాం. వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఆరుగురు గార్డులున్నారనుకుందాం. 160 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 20 రోజులు. 2017 నాటి 637 రూపాయల రేటే కట్టినా ఒక్కొక్కరికి 12,740 రూపాయల జీతం. ఆరుగురికి కలిపి 76,440. ఫ్లాటుకు 765 రూపాయల లోపు, అదీ ఒక్కసారి. శిక్షకుల ఫీజు, ఈనాటి వేతనం కలిపి దాన్ని రెట్టింపు చేసుకున్నా భరించలేని మొత్తం కాదు. శిక్షణ ఇప్పించాక మానేసి వెళ్లిపోతాడేమో అన్నది అసోసియేషన్లు తరచు వేసే ప్రశ్న. వెళ్లనివ్వండి. అతను ఎక్కడికి వెళితే అక్కడి గేటు దగ్గర తెలిసిన మనిషి ఉంటాడు. మీ గేటుకు వచ్చేవాడూ అలాంటివాడే కావాలంటే ఒప్పంద పత్రంలో శిక్షణ వరుసను కొట్టేయకుండా ఉంచాలి. ఆ 20 రోజుల హాజరు పట్టీ చూపమని ఏజెన్సీని అడగాలి.

రాష్ట్రాలు చేయాల్సిన పని ఇంకోటుంది. చట్టం ప్రకారం లైసెన్సులిచ్చే నియంత్రణాధికారి హోంశాఖలోనే ఉంటారు. చట్టాన్ని ఉల్లంఘించిన ఏజెన్సీ లైసెన్సును రద్దుచేసే అధికారం ఆయన చేతిలో ఉంది. గార్డు మెడలో వేలాడే ఫొటో కార్డు మీది నంబరు కొడితే అతని శిక్షణ ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని గంటలు జరిగిందో ఎవరికైనా కనిపించే జాబితాను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హోంశాఖలు తెరవాలి. దానితో పాటు ఏడాదికోసారి చెప్పాపెట్టకుండా కొన్ని గేట్ల దగ్గరికెళ్లి, ఆ ఎర్ర సిలిండర్ పిన్ను లాగి చూపించమని గార్డును అడగాలి. అతనికి రాకపోతే నోటీసు వెళ్లాల్సింది అతనికి కాదు, ఏజెన్సీకి.