డ్రోనులు – చట్టము – యువజనులు

విమానమనగా నేమి యను ప్రశ్నకు 1934వ సంవత్సరపు విమాన చట్టము చెప్పిన నిర్వచనములో గాలిపటము కూడ చేరియున్నది. సంక్రాంతినాడు మేడలపై కెక్కి దారము వదలు బాలురు ఆ చట్టము పేరైనను వినియుండరు. దాని స్థానమున 2024లో భారతీయ వాయుయాన అధినియమము వచ్చి, 2025 జనవరి 1వ తేదీనుండి అమలు జరుగుచున్నది. చట్టములోని మాట యెంత విశాలముగా నున్నను, ప్రయోగించువారికి వివేకము తోడుగా నున్నంతకాలము ప్రజలకు బాధ లేదు. దారమునకు బదులు రేడియో తరంగములచే నడుపబడు చిన్న విమానములును, డ్రోనులును మన విద్యార్థుల చేతికి వచ్చిన యీ దినములలో ఆ వివేకము మఱింత యవసరమైనదని మేము తలంచుచున్నాము.

ఈ విషయమున ప్రభుత్వమువారు నడచిన దారి తిన్ననిది కాదు. ప్రభుత్వేతరు లెవ్వరును డ్రోనుల నెగురవేయరాదని 2014 అక్టోబరులో విమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమువారు ప్రకటించిరి. నియమములు సిద్ధమగువఱకే యని చెప్పిన యా నిషేధము నాలుగేండ్లు నడచినది. 2018 ఆగస్టులో నియమములు వెలువడి, డిసెంబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చినవి. 2021 మార్చిలో వేఱొక నియమావళి వచ్చినది. అది మోయరాని బరువని గ్రహించి, ఆ యేటనే ఆగస్టు 25వ తేదీన దానిని తొలగించి సులభమైన డ్రోను నియమములను ప్రకటించిరి. 25 ఫారములు 5కు తగ్గినవి. 72 రకముల రుసుములు 4కు దిగినవి. వర్తకము కొఱకు గాక, రెండు కిలోల లోపు బరువు గల డ్రోనును నడుపువానికి పైలటు సర్టిఫికెట్టు అక్కఱలేదు. విద్యకును, పరిశోధనకును, వినోదమునకును మాత్రమే కంటిచూపు మేరలో నడుపబడుచు, 25 కిలోలు మించని నమూనా విమానములకు టైపు సర్టిఫికెట్టు అవసరము లేదు. తమ తప్పును తామే దిద్దుకొనిన ప్రభుత్వమును అభినందించుట పత్రికల ధర్మము.

అయితే నియమమే వలదని వాదించువారితో మేము ఏకీభవింపజాలము. దిగుటకు వచ్చు విమానము రన్‌వేకు 5 కిలోమీటర్ల దూరమున నున్నప్పుడు దాని యెత్తు సుమారు 260 మీటర్లు మాత్రమే. ఆ దారికి అడ్డముగా నొక డ్రోను వచ్చిన నేమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. 2018 డిసెంబరులో లండను సమీపమునందలి గాట్విక్ విమానాశ్రమమున డ్రోనులు కనబడినవన్న వార్త చేతనే రాకపోకలు స్తంభించి, లక్షకు పైగా ప్రయాణికులు చిక్కుపడిరి. 2021 జూన్ 27వ తేదీన జమ్మూ వైమానిక స్థావరముపై డ్రోనులతో బాంబులు వేయబడినవి. పొరుగింటి పెరటిలోనికి కెమెరాతో తొంగిచూచు దుర్మార్గమును గూర్చి గృహిణులు పడు భయమును తోసివేయదగినది కాదు. కనుక విమానాశ్రమముల చుట్టును, సైనిక స్థావరములపైనను ఎఱుపు, పసుపు మండలముల నేర్పఱచుట న్యాయమే.

మా యాక్షేపణ మఱియొకటి. 2025 సెప్టెంబరులో పౌర విమానయాన శాఖవారు ప్రజాభిప్రాయము కోరుచు ప్రకటించిన డ్రోను బిల్లు ముసాయిదాలో జరిమానాలతో పాటు కారాగార శిక్షలును చోటు చేసికొన్నవి. జమ్మూలో బాంబులు వేసినవాడు రిజిస్ట్రేషను సంఖ్య కొఱకు దరఖాస్తు పెట్టుకొనునా? గాట్విక్‌లో దోషి పట్టుబడనే లేదు. కఠిన శాసనమునకు ముందుగా చిక్కువాడు దొంగ కాడు; తన పేరు, తన యూరు దాచుకొనక, నలుగురు చూచుచుండగా మైదానమున విమానము నెగురవేయు విద్యార్థియే చిక్కును. బుద్ధిపూర్వకముగ విమానముల దారికి అడ్డుపెట్టినవానికి చెఱసాల తగును. గీత తెలియక దాటినవానికి మొదట హెచ్చరికయు, పిదప జరిమానాయు చాలును. ఆ ముసాయిదా తుదకు ఏ రూపము దాల్చినను ఈ తారతమ్యము అందుండవలెను.

ఆ గీత యెచ్చట నున్నదో తెలిసికొనుటయు సులభము కాదు. విమానాశ్రమపు హద్దునుండి 5 కిలోమీటర్లు మొదలు 8 వఱకు నేలనుండియే పసుపు మండలము. 8 మొదలు 12 వఱకు 200 అడుగుల యెత్తుదాక ఆకుపచ్చ మండలము. అంతకు వెలుపల, వేఱు నిషేధము లేనిచోట, 400 అడుగుల వఱకు ఆకుపచ్చయే. వీనికి తోడు, నగరములలో పోలీసు అధికారులు సమయానుకూలముగ జారీచేయు నిషేధపు టుత్తరువులు. ఇవి యన్నియు తెనాలిలోనో, నల్లగొండలోనో చదువుకొను బాలునికి ఎవరు చెప్పవలెను? తెలియజెప్పని నియమమును మీఱినందుకు శిక్షించుట ధర్మము కాదు.

తయారైన డ్రోనులను విదేశములనుండి తెచ్చుకొనుటను 2022 ఫిబ్రవరిలో నిషేధించిరి. 2030 నాటికి మన దేశము డ్రోనులకు ప్రపంచ కేంద్రము కావలెనని సంకల్పము చెప్పుకొనిరి. సంతోషము. 2021లో వికారాబాదు జిల్లాలో డ్రోనులు మందులు మోసినవి. 2024లో విజయవాడ వరదలలో చిక్కుకొన్నవారికి ఆహారము నందించినవి. అదే సంవత్సరము అక్టోబరులో కృష్ణ యొడ్డున 5,500 డ్రోనులు ఆకాశమున వెలిగినవి. రేపు వీనిని రూపొందించువారెవరు? నేడు అట్టముక్కతోను, చిన్న మోటారుతోను రెక్కలు కట్టి, పదిమారులు కూల్చుకొని, పదునొకండవమారు నిలిపిన పిల్లవాడే గదా! వాని చేతికి సంకెల చూపి, మఱియొకవైపు స్వదేశీ పరిశ్రమ వర్ధిల్లవలెనని కోరుట విత్తనమును వేచి తిని పంటకై యెదురుచూచుట వంటిది.

కావున మేము కోరునది స్వల్పము. నియమములను, మండలముల పటములను తెలుగున అచ్చొత్తించి ప్రతి ఉన్నత పాఠశాలకును, పోలీసు ఠాణాకును, గ్రంథాలయమునకును పంపవలెను. ప్రతి జిల్లాలో ఆకుపచ్చ మండలమున నొక మైదానమును నిర్ణయించి, తెలిసిన పెద్ద యొకరి పర్యవేక్షణలో సెలవుదినములందు విమానముల నెగురవేయనీయవలెను. ఎన్.సి.సి. వైమానిక విభాగమున నమూనా విమానముల శిక్షణ యున్నదే. దానిని ఇతర విద్యార్థులకును విస్తరింపవచ్చును. 2024 జూనులో ఈ శాఖాధిపత్యమును స్వీకరించిన కింజరాపు రామమోహన నాయుడుగారు శ్రీకాకుళము ప్రజల ప్రతినిధి. తెలుగు బాలునికి తెలుగున నియమము తెలుపవలెనన్న మాట వారికి మేము విప్పి చెప్పనక్కఱలేదు.

యువజనులకును ఒక మాట. జనసమూహముపై నెగురవేయకుడు, విమానాశ్రమముల దరిజేరకుడు, పరుల యిండ్లలోనికి కెమెరా త్రిప్పకుడు. మీలో నొక్కని దుడుకుతనము వేయిమంది మైదానమును మూయించును. ప్రభుత్వము నమ్మకము నుంచవలెను. మీరు దానిని నిలుపవలెను.